ఇంటిల్లిపాదితో స్టూడెంట్ సినిమా: గోదావరి డెల్టా పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్, ఫిల్మ్ కోర్సులు చదివే మన పిల్లలు చాలామంది ప్రాజెక్టు సినిమాను సెలవుల్లో సొంతూళ్లోనే తీస్తారు. యూనిట్ అంటే అమ్మానాన్నలు, బాబాయి, మామ్మ, పక్కింటి పిన్ని. నేనూ అలాగే తీశాను. ఇప్పుడు అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పిల్లలు తీసుకుంటుంటే వెంట ఉండి సాయం చేస్తున్నాను. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

ఇంట్లోవాళ్లతో తీస్తే మాస్టార్లు చిన్నచూపు చూడరా?

చూడరు. కథ నిలబడిందా, మాట వినబడిందా, షాటుకీ షాటుకీ అతుకు కుదిరిందా అనే చూస్తారు. కాన్స్ చిత్రోత్సవంలో విద్యార్థుల సినిమాలకు లా సినెఫ్ అని ఒక విభాగం ఉంది. 2024లో అందులో మొదటి బహుమతి పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన చిదానంద ఎస్. నాయక్ కన్నడ సినిమాకు వచ్చింది. నిడివి 16 నిమిషాలు. ఊళ్లో కోడిపుంజును ఎత్తుకుపోయిన ఒక ముసలమ్మ కథ. కోడిపుంజులకు, ముసలమ్మలకు మన భీమవరం వైపు కొదవేముంది?

ఇంకోటి. సినిమా అంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే అన్న మాట నేను ఒప్పుకోను. 1936లోనే రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ స్టూడియో కట్టారు. బాపుగారు పుట్టింది నరసాపురం, ముళ్లపూడి వెంకటరమణగారు ధవళేశ్వరం, దాసరి నారాయణరావుగారు పాలకొల్లు. మన నేలకు సినిమా కొత్తేమీ కాదు.

ఇంట్లో ఎలా అడగాలి? నాన్న ససేమిరా అంటున్నారు.

"నా సినిమాకి సాయం చెయ్యండి" అని అడగకండి. ఆ మాటకి ఎంత పనో, ఎన్ని రోజులో, ఎంత ఖర్చో ఎవరికీ అంతుపట్టదు. అంతుపట్టని దానికి ఎవరైనా ముందు వద్దనే అంటారు. "అమ్మా, వచ్చే ఆదివారం పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా వంటింటి వసారా నాకు వదిలెయ్. ఆ పూట టిఫిను నేను బయటినుంచి తెస్తాను" అనండి. రోజు, గంటలు, చోటు, బదులుగా మీరు చేసేది, ఈ నాలుగూ ఆ మాటలో ఉన్నాయి.

తర్వాత అందరినీ కూర్చోబెట్టి కథ గట్టిగా చదివి వినిపించండి. కాగితం చేతికిస్తే ఎవరూ చదవరు, వింటే మాత్రం తలో మాటా అంటారు. తాతయ్యలు "అప్పట్లో అలా జరగదురా" అని పట్టుకునే తప్పులు మీ మాస్టారికి కూడా దొరకవు.

నాన్న వద్దనడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే, ఊళ్లో ఏమనుకుంటారో అని. ఆడపిల్ల సినిమా తీస్తానంటే ఆ భయం ఇంకా ఎక్కువ. ఆయనతో వాదనకు దిగకండి. ఈ సినిమాను ఎవరెవరు చూస్తారో, ఇంటర్నెట్‌లో పెడతారో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన్ని కెమెరా ముందుకు రమ్మనకుండా కెమెరా వెనక పని ఇవ్వండి. ఏ రైతు చేలోకి దిగనిస్తాడు, ఎవరి పడవ గట్టిది, ఏ లారీ ఎప్పుడొస్తుంది, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. పెద్ద సినిమాలో ఈ పని చేసేవాణ్ణి ప్రొడక్షన్ మేనేజర్ అంటారు.

కథ ఎలాంటిది ఎంచుకోవాలి?

మీ ఇంట్లో ఎవరి చేతికి ఏ పని వచ్చో రాసుకోండి. కొబ్బరి వలుపు, పూతరేకులు చుట్టడం, వల అల్లడం, చెరువులో మేత చల్లడం, కడియం నర్సరీలో అంట్లు కట్టడం. ఆ పనుల్లో ఒకదాని మధ్య జరిగే కథ రాయండి. పది నిమిషాలు, ముగ్గురు మనుషులు, రెండు చోట్లు, మొదటి సినిమాకు అంతకన్నా పెద్దది పెట్టుకోవద్దు. గోదావరి అందాలు చూపించాలనే కోరిక అందరికీ ఉంటుంది, అందులో తప్పులేదు. కానీ ఎన్నో సినిమాల్లో కనిపించిన కుమారదేవం సినిమా చెట్టు కూడా 2024 ఆగస్టులో కూలిపోయింది. చూపించిందే చూపించే బదులు మీ ఇంటి పెరడు చూపించండి. దాన్ని ఇంతవరకూ ఎవరూ తీయలేదు.

నటన అసలే రాని వాళ్లతో ఎలా చేయించాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నా జవాబు ఒక్కటే: నటన అడక్కండి, పని అడగండి.

మా పెదనాన్నకు ఒక మాట ఉంది సినిమాలో. పట్నం వెళ్లిపోతున్న కొడుకుతో "నువ్వు వెళ్తానంటే నేనెందుకు ఆపుతాను" అనాలి. నిలబెట్టి అనమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కెమెరా వైపు చూస్తూ, బడిలో పద్యం అప్పజెప్పినట్టు అన్నాడు. అప్పుడు పెరట్లో గునపం పాతి, పక్కన కొబ్బరికాయల రాశి పోయించాం. ఆయన కాయ తీసుకుని గునపం మీద ఒక్క పోటు పొడిచి, మెలిపెట్టి, డొక్క ఊడదీస్తున్నాడు. మూడు నాలుగు కాయలయ్యేసరికి మేమున్నామన్న సంగతే మర్చిపోయాడు. ఆ అదనులో మా తమ్ముడు "ఎల్లొస్తాను" అన్నాడు. పెదనాన్న తలెత్తలేదు. ఇంకో కాయ పొడిచి, పీచు దులిపి, "ఎల్తానంటే ఆపేదేముందిలే. కాయలు లెక్కెట్టి ఎల్లు" అన్నాడు. నేను రాసిన మాట తీసేసి అదే ఉంచాం. చూసినవాళ్లందరూ ఆ చోటే ఆగి మాట్లాడతారు.

కాబట్టి మాటలు బట్టీ పట్టించకండి. ఆ మనిషికి ఆ క్షణంలో ఏం కావాలో చెప్పి, మాట వాళ్ల నోటికే వదిలెయ్యండి. "యాక్షన్" అని అరవకండి. చడీచప్పుడు లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టి, పని కాసేపు సాగాక సైగ చెయ్యండి. తీసింది మధ్యలో వాళ్లకు చూపించకండి. చూపిస్తే అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలెడుతుంది, ఆ రోజుకి ఇక పని జరగదు. రెండు మూడు టేకుల్లో రాకపోతే ఆ మాట కొట్టేసి, మనిషి ముఖం మీద ఒక షాటు తీసి ముందుకు వెళ్లండి.

పని మధ్యలో తీస్తే అతుకులు కుదరవన్న భయం నిజమే. రాశి తరుగుతుంది, డొక్కలు పెరుగుతాయి. ప్రతి టేకు మొదట్లో ఇంకో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఆ పని ఇంట్లో పదేళ్ల పిల్లకి అప్పగించండి. ఏ చెయ్యి ఎక్కడుందో, పైపంచె ఏ భుజం మీదుందో వాళ్ల కంటపడ్డట్టు మనకు పడదు.

మాటలు గోదావరి యాసలోనే ఉండాలా?

మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే ఉండాలి. పెద్ద సినిమాల్లో నవ్వించడానికి వాడే "ఆయ్", "అండి" సాగదీతలు మీ అమ్మ నోట్లో పెట్టకండి. రామచంద్రపురం వైపు మాటకూ, అంతర్వేది రేవులో వేటకెళ్లేవాళ్ల మాటకూ తేడా ఉంది. ఆ తేడా మీ సినిమాకు బలం. చిత్రోత్సవాలకు పంపాలంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలి. వాటిని మీరే రాయండి, బయటివాళ్లకు ఇస్తే వావివరసలు తారుమారవుతాయి.

ఏ నెలలో తీయాలి?

కథలో చేను ఉంటే పంటను బట్టి వెళ్లాలి. సార్వా, అంటే వానాకాలం వరి, నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు సంక్రాంతికి అటూ ఇటూ, కోతలు ఏప్రిల్లో. పచ్చటి చేను కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలు నాకు ఇష్టం. వాన భయం తక్కువ, ఎండ ఇంకా ముదరదు. సెప్టెంబరులో పచ్చదనం ఇంకా చిక్కగా ఉంటుంది గానీ ఒక్క షాటు కోసం అరుగు మీద రోజంతా కూర్చోవాల్సి రావచ్చు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ నెలలో షూటింగ్ పెట్టుకోవాలో వద్దో మీకే తెలుస్తుంది.

చాలామంది పట్టించుకోనిది కాలువ. వేసవిలో, దాళ్వా అయ్యాక, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లో. నిండు కాలువ మీద సగం సీను మార్చిలో తీసి, మిగతా సగం సెలవుల్లో తీద్దామనుకుంటే మే నెలలో మీకు కనిపించేది బురద, గుర్రపుడెక్క. కాలువ సీను ఏదైనా ఒకే వారంలో ముగించండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకో లెక్క ఉంది. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఏటి నీళ్లు పోటుకీ పాటుకీ రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతాయి, ఆ వేళ ప్రతిరోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. నిన్న ఎనిమిదింటికి మెట్టు తడిసిన రేవులో ఇవాళ ఎనిమిదింటికి మెట్టు పొడిగా ఉంటుంది. పడవ నడిపేవాళ్లను అడిగితే వేళ చెబుతారు.

సంక్రాంతికి అందరూ ఇంట్లో ఉంటారు కదా అని ఆ నాలుగు రోజులే పెట్టుకుంటారు కొందరు. జనం కనబడాల్సిన షాట్లకు అంతకు మించిన రోజులు లేవు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద చేలల్లోంచి, కౌశిక ఏరు దాటి వస్తుంటే కెమెరా ఉన్నవాడు ఇంట్లో కూర్చోలేడు. ఇద్దరు మాట్లాడుకునే సీను మాత్రం ఆ రోజుల్లో వద్దు. మైకులు, టపాకాయలు, కోడిపందేల కేకలు, దేన్నీ ఆపలేం.

అన్నిటికన్నా ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి, ఇంటి రోజులు గుర్తు పెట్టండి. కొబ్బరికాయల దింపు ఎప్పుడు, కోత ఎప్పుడు, ఎవరి పెళ్లి, ఎవరి తద్దినం. మిగిలిన రోజులే మీవి. షూటింగ్ కోసం ఇంటి పని ఆపితే రెండో రోజుకే ముఖాలు మారిపోతాయి.

కెమెరా లేదు. ఫోన్‌తో సరిపోతుందా?

సరిపోతుంది. కాలేజీ కెమెరా దొరికితే మంచిదే, దొరకలేదని ఆగొద్దు. కెమెరా మీద పూర్తి అదుపు ఇచ్చే యాప్ ఒకటి వేసుకోండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో యాభయ్యో వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు, ఎల్‌ఈడీ బల్బుల కింద తెర మిణుకుమిణుకుమనకుండా ఉంటుంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, రంగు మూడూ లాక్ చెయ్యండి. లేకపోతే తెల్ల చీర కట్టుకున్న మామ్మ ఫ్రేములోకి రాగానే వెనక తోటంతా నల్లబడిపోతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. 4కే తీస్తే నిమిషానికి వందల మెగాబైట్లు పడతాయి, ఫోన్‌లో చోటు ముందే చూసుకోండి. డిజిటల్ జూమ్ వాడకండి, మీరే నాలుగడుగులు దగ్గరకు నడవండి.

సౌండు బాగా రావట్లేదు. ఏం చెయ్యాలి?

బొమ్మ కొంచెం అటూ ఇటూ ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. అందుకే డబ్బు పెట్టాల్సింది ముందు మైకు మీద. వెయ్యి రూపాయల లోపు కాలర్ మైకు కూడా పనికొస్తుంది. అదీ లేకపోతే రెండో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి మాట్లాడే మనిషి జేబులోనో, కొంగు మడతలోనో పెట్టండి. ప్రతి షాటు మొదట్లో కెమెరాకు కనబడేలా ఒకసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో రెండూ కలపడం తేలిక.

మన డెల్టాకు సొంత చప్పుళ్లు కొన్ని ఉన్నాయి. కొబ్బరి తోటలో గాలి వీస్తే రికార్డింగ్‌లో వాన పడుతున్నట్టే వినిపిస్తుంది, ఎండ కాస్తున్న బొమ్మ మీద వాన శబ్దమన్నమాట. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పెరుగుతుంది కాబట్టి తోటలో మాటలన్నీ పొద్దున్నే తీసేయండి. రొయ్యల చెరువుల పక్కనయితే రాత్రంతా, తెల్లవారే దాకా నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఆపమని ఎవరినీ అడక్కండి, ఆక్సిజన్ తగ్గితే పంట మొత్తం పోతుంది. ఆ సీనును చెరువుకు దూరంగా మార్చుకోండి, లేదా ఏరేటర్ హోరును కథలోకి తెచ్చుకోండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులో పాశురాలు వస్తాయి. పూజారిగారిని ఎంతవరకు వేస్తారో ముందురోజే అడిగితే సరిపోతుంది.

ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, మోటారు ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం అందులో పెట్టండి, మళ్లీ వెయ్యడం మర్చిపోరు. అమ్మ పాలు విరిగిపోతే రేపటి షూటింగ్ ఉండదు.

ప్రతి చోటా అందరూ మౌనంగా ఉండగా ఒక అర నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చెయ్యండి. మాటలు అతికేటప్పుడు మధ్యలో గుంటలు పడకుండా అదే కాపాడుతుంది. ఏ మాటైనా సరిగా రాలేదనిపిస్తే అక్కడే, అప్పుడే, కెమెరా లేకుండా మైకు దగ్గరపెట్టి మళ్లీ చెప్పించండి. వారం తర్వాత గదిలో చెప్పిస్తే ఆ గొంతు రాదు.

లైట్లు లేవు. ఇంటిలోపల ఎలా?

మండువా లోగిలి ఉన్న ఇల్లయితే మీరు అదృష్టవంతులు. పైనుంచి పడే వెలుగు నాలుగు వసారాల్లోకీ మెత్తగా పరుచుకుంటుంది. మనిషిని మండువా అంచుకు ఓ గజం లోపల కూర్చోబెట్టండి, చాలు. డాబా ఇల్లయితే కిటికీ పక్కన. నీడ మరీ నల్లగా ఉంటే అవతలి వైపు తాతయ్య తెల్ల పంచెను మంచం మీద ఆరేసినట్టు పరిచి ఆ మంచాన్ని నిలబెట్టండి, ముఖం తేరుకుంటుంది. కొబ్బరి తోటలో నడిమధ్యాహ్నం ఒద్దు, ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖం మీద తెల్ల మచ్చలవుతుంది. చలికాలంలో పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర, ఆ వెలుగుకు అద్దె లేదు.

ఏటి మీద, పడవలో తీయొచ్చా?

తీయొచ్చు, కానీ ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను. పడవలో ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. నటిస్తున్నవాళ్లు షాటులో విప్పాల్సి వస్తే పడవ కట్టు వీడకుండా రేవులోనే ఉండాలి. వెడల్పు షాట్లు గట్టు మీంచి తీసుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోకుండా ఏటి మధ్య లంకల్లోకి వెళ్లకండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక నాటికే దాదాపు పది లక్షల క్యూసెక్కులు కిందికి వస్తుంటాయి. లంకల కాజ్‌వేలు మునిగితే వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోతారు. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, తిరిగి రావడమే ఉండదు. ఈతొచ్చిన పెద్దవాడు ఒకడు ఏ పనీ పెట్టుకోకుండా నీళ్ల వైపే చూస్తూ ఉండాలి.

అనుమతులు ఎవరిని అడగాలి?

మీ ఇల్లు, మీ చేను అయితే ఎవరినీ అక్కర్లేదు. వేరేవాళ్ల చేను అయితే ఆ రైతును, కౌలుకిచ్చి ఉంటే కౌలు రైతును కూడా. ఊరి వీధిలో అయితే సర్పంచ్‌గారికి, పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితం, జనం పోగయ్యేలా ఉంటే పోలీస్ స్టేషన్‌లో ఒక మాట. గుడి లోపల తీయాలంటే కార్యనిర్వహణాధికారిని, బ్యారేజీ, లాకుల మీదయితే జలవనరుల శాఖను అడగాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం నాలుగు కాపీలు సంచిలో ఉంచుకోండి. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది. ఎదుర్లంక వంతెన దాటి యానాం దిగితే ఇవతలి కాగితాలు పనికిరావు, అక్కడి అధికారులను విడిగా అడగాలి.

డ్రోను షాటు ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. నా మట్టుకు నేను పెరటి గోడ ఎత్తునుంచి చూసిన కోనసీమనే ఇష్టపడతాను. కావాలనుకుంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. అయినా ఎగరేయొచ్చో లేదో రంగులతో చెప్పే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. చమురు బావులు, తాటిపాక రిఫైనరీ, మధురపూడి విమానాశ్రయం, వీటి దరిదాపుల్లో ఎగరేయకండి. పెళ్లిళ్లకు తిప్పేవాళ్ల దగ్గర అద్దెకు తీసుకుంటే ముందు వాళ్ల సర్టిఫికెట్ చూపించమనండి.

ఇంట్లోవాళ్లకు డబ్బులివ్వాలా?

అమ్మానాన్నలకు ఇవ్వబోతే కోప్పడతారు. కానీ రోజు కూలి మీద బతికే మావయ్య మీకోసం పని మానుకుంటే ఆ రోజు కూలి చేతిలో పెట్టాల్సిందే, ఆయన వద్దన్నా సరే. పడవకు డీజిలు, ఆటోకు బాడుగ మీవే.

దింపు తీసేవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. టేకు బాగా రాలేదని మళ్లీ అదే చెట్టు ఎక్కమని అడగడం నేను చూశాను. అది చెయ్యకూడని పని. అరవై అడుగుల చెట్టు అది, పట్టు తప్పితే మనిషి మిగలడు. ఆయన తన పనిలో తరవాతి చెట్టు ఎక్కుతాడు కదా, అప్పుడు తీసుకోండి. సినిమా కోసమే ఎక్కించాల్సి వస్తే చెట్టుకింత అని ఆయన లెక్క ప్రకారం ఇచ్చి, ఒక్కసారే.

భోజనం భారం అమ్మ మీద పడెయ్యకండి. ఉదయమంతా కెమెరా ముందు నిలబడి, మధ్యాహ్నం పదిమందికి వండి, గిన్నెలు కడిగి, మళ్లీ మూడింటికి షాటుకి రావడం ఎవరివల్లా కాదు. ఊళ్లో వంటమనిషికి చెప్పండి. బడ్జెట్ కాగితంలో మొదటి గీత మీద భోజనాలు రాయండి, రెండో గీత మీద హార్డ్ డిస్క్.

మా ఇంట్లో నిజంగా జరిగిన సంగతి తీయొచ్చా?

అప్పులు, పొలం పంపకాలు, గల్ఫ్ వెళ్లి ఏళ్లపాటు రాలేకపోయిన అత్త, ప్రేమ పెళ్లి చేసుకుని రాకపోకలు తెగిన అక్క. మన ఇళ్లలో కథలకు కొదవ లేదు, మంచి సినిమాలు అక్కడినుంచే వస్తాయని నా నమ్మకం కూడా. అయితే ఆ కథ ఎవరిదో ముందు ఆ మనిషిని అడగాలి. ఇంటి పెద్దను అడిగితే చాలదు. అత్త కథకు తాతయ్య ఒప్పుకుంటే అది అనుమతి కాదు. అత్తను విడిగా కూర్చోబెట్టి, స్క్రిప్టు మొత్తం చెప్పి, ఏది ఉండొద్దో అడగండి. కూర్పు అయ్యాక మొదట ఆమెకే చూపించండి, అప్పుడు తీసెయ్యమన్నదాన్ని కూడా తీసెయ్యండి. కాలేజీ మార్కులు ఒక ఏడాదివి, చుట్టరికం ఆవిడ బతికినంతకాలం.

ఆవిడ వద్దంటే? కథలోని పని ఉంచి, మనుషుల్ని మార్చి రాయండి. ఊరు మార్చినంత మాత్రాన సరిపోదు, చుట్టాలు ఇట్టే పోల్చేస్తారు.

సగం తీశాక ఒకరు రానంటే?

కారణం అడగండి, బతిమాలకండి. చాలాసార్లు అలసటే. ఒక రోజు విరామం ఇస్తే వస్తారు. నిజంగా రాకపోతే తీసినంతవరకు చూసుకుని, మిగతాది గొంతుతోనో, ఉత్తరంతోనో, ఫోన్ సంభాషణతోనో నడపండి. దీనికి ముందు జాగ్రత్తగా ప్రతి మనిషి ముఖ్యమైన సీనూ మొదటి రెండు రోజుల్లోనే తీసేయండి. పెద్దవాళ్లకు పూటకు రెండు గంటలు మించొద్దు. చిన్నపిల్లలు ఏడుస్తుంటే ఆ ఏడుపు సినిమాకు బాగుందని కెమెరా నడపకండి.

పాటలు వాడుకోవచ్చా?

సినిమా పాట ఒక్క ముక్క కూడా వద్దు. వెనకాల టీవీలో వినబడుతున్నా ఇబ్బందే, చిత్రోత్సవం వాళ్లు తిప్పి పంపుతారు, యూట్యూబ్‌లో ఆగిపోతుంది. మన చట్టంలో పాట రాసినవాళ్ల హక్కు వాళ్ల తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. మామ్మ పాడే జోలపాట, నాట్లలో ఆడవాళ్లు పాడుకునే పాట రికార్డు చేసుకోండి, పాడినవాళ్ల పేరు వేయండి.

ఎడిటింగ్ దేంట్లో చెయ్యాలి?

డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ స్టూడెంట్ సినిమాకు కావలసిందంతా చేస్తుంది. కంప్యూటర్ పాతదైతే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, చేసుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఫుటేజీ రెండు చోట్లకు ఎక్కించి, రెండోది వేరే ఇంట్లో ఉంచండి. అందాకా ఫోన్‌లోది చెరపకండి.

సెన్సార్ కావాలా?

కాలేజీలో మార్కుల కోసం చూపించడానికి అక్కర్లేదు. థియేటర్లో జనానికి ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ కావాలి. పోటీలకు పంపేవాళ్లు నిడివి చూసుకోండి. ఆస్కార్ లెక్కలో షార్ట్ ఫిల్మ్ అంటే పేర్లతో కలిపి 40 నిమిషాల లోపు. లా సినెఫ్‌కు 60 నిమిషాల దాకా పంపొచ్చు. మన దేశంలో ముంబై, కేరళ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవాలు చూడండి.

ఇంట్లోవాళ్ల పేర్లు ఎలా వేయాలి?

"అమ్మకు, నాన్నకు, బంధుమిత్రులకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. చేసిన పని, ఎదురుగా పూర్తి పేరు. లైట్ పట్టుకున్న బాబాయి లైటింగ్ అసిస్టెంట్, ఫొటోలు తీసిన చెల్లి కంటిన్యూటీ, వంట చేసిన పిన్ని కేటరింగ్. ఇంటిపేరు పుట్టింటిది వేయాలో అత్తింటిది వేయాలో, పేరు ఎలా రాయాలో ఆడవాళ్లను విడిగా అడగండి. ఓటరు కార్డులోనూ, పెళ్లి శుభలేఖలోనూ తప్ప ఎక్కడా పూర్తి పేరు చూసుకోని వాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు.

సబ్మిషన్‌కు నెలే ఉంది. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ఐదారు నిమిషాల సినిమా అయితే మొదలుపెట్టండి. మొదటి వారం కథ, ఇంట్లో చదివి వినిపించడం, క్యాలెండర్ మీద రోజులు గుర్తించడం. రెండో వారం ఒక్క సీను ఫోన్‌తో తీసి, కూర్చి, సౌండు విని చూడండి. మూడో వారంలో మూడు పొద్దులు, రెండు సాయంత్రాలు షూటింగ్. నాలుగో వారం ఎడిటింగ్, సబ్‌టైటిల్స్. గడువుకు మూడు రోజుల ముందే కాపీ సిద్ధంగా ఉంచుకుని, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో టీవీకి పెట్టి ఒకసారి చివరిదాకా నడిపించండి. ల్యాప్‌టాప్‌లో వినిపించిన మాట టీవీలో వినబడకపోతే సరిచేసుకోవడానికి ఆ మూడు రోజులు.